విప్పలేని కత్తి

వీధిలో అందరికీ ఆయన టక్కు మామయ్య. ఆ పేరు విని కొత్తవాళ్లు కాస్త జంకేవారు, మనిషి మాయగాడేమో, పనిస్తే ముంచేస్తాడేమో అని. నిజానికి ఆయనకు మోసం చేయడం చేతకాదు. చేతనైతే ఈ రేకుల షాపులో ఎందుకు కూర్చుంటాడని వాళ్లావిడే అనేది. ఆ పేరు కత్తుల వల్ల వచ్చింది. మడతకత్తి బాగుచేశాక దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తెరిచేవాడు. లోపలి తాళం టక్కుమని పొడిగా పడితే తల ఊపి ఇచ్చేసేవాడు. శబ్దం కాస్త మెత్తగా, నానిన అట్టముక్క విరిచినట్టు వినిపించిందంటే చాలు, ఎదుటివాడు ఎంత తొందరలో ఉన్నా మళ్లీ విప్పేవాడు.

మడతకత్తి ప్రాణమంతా ఆ తాళంలోనే ఉంటుంది. బ్లేడు తెరుచుకోగానే పిడి లోపల ఉన్న సన్నని ఉక్కు రేకు ఒకటి పక్కకు జరిగి, బ్లేడు మడమ వెనక అడ్డంగా నిలబడుతుంది. అది నిలబడినంతసేపూ భయం లేదు. అది జారిందా, బ్లేడు వెనక్కి మడుచుకుంటుంది. ఆ దారిలో ఉండేవి పట్టుకున్న మనిషి వేళ్లే.

ఈ పని ఆయనకు మేనమామ నేర్పాడు. ఆ మేనమామ తలుపు తాళాలు బాగుచేసేవాడు. చదువు అబ్బడం లేదని మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే, వీడి ధ్యాసంతా అప్పుడప్పుడూ వచ్చే మడతకత్తుల మీదే ఉండేది. ఆ రోజుల్లో కత్తులకు స్క్రూలుండేవి. ఇరుసు దగ్గర ఒకటి, పిడికి రెండో మూడో. విప్పి, తుడిచి, అరిగిన వాషరు మార్చి, రేకు చివర్ని ఆకురాయితో సరిచేసి బిగిస్తే, ఆ కత్తి మరో మనిషి జీవితకాలం పనిచేసేది. తండ్రి కత్తిని కొడుకు తెచ్చేవాడు. "మా నాన్న దీన్ని ఎలా పట్టుకునేవాడో ఈ పిడి చూస్తే తెలుస్తుంది మామయ్యా" అనేవాళ్లు. అలాంటి మాట విన్న రోజు ఆయన ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

తర్వాత రివిట్ల కత్తులు వచ్చాయి. స్క్రూలు లేవు. పైనుంచి కింది దాకా మూసేసిన పిడి. లోపల ఏముందో చూడాలంటే రివిట్టు తల కోసెయ్యాలి, కోస్తే పిడి చిట్లిపోతుంది. తయారుచేసినవాళ్లు రేకులు విడిగా అమ్మరు. ఒకసారి ఆయన ఆ కంపెనీ నంబరుకు ఫోన్ చేయించాడు కూడా. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా విని, కొత్తది కొనుక్కోమంది.

రివిట్ల కత్తులన్నీ ఊరి చివరి క్యాబేజీ షెడ్డు నుంచే వచ్చేవి. అక్కడ ఆడవాళ్లు బల్లల ముందు వరసగా నిలబడి, బయటి ఆకులు వలిచి, మొదలు కోసి, పువ్వును పెట్టెలోకి తోస్తారు. మధ్యలో పొలంలోకి వెళ్లాలి, మళ్లీ రావాలి. అందుకని అందరికీ ఒకే రకం మడతకత్తి, యాప్రాన్ జేబులో. క్యాబేజీ మొదలు మామూలుది కాదు. కత్తి మొనను గుచ్చి తిప్పాలి. అలా తిప్పినప్పుడల్లా బరువంతా ఆ సన్న రేకు మీదే పడుతుంది. కొన్నాళ్లకు రేకు చివర అరిగి, నిలబడాల్సిన చోటు దాటి అవతలి గోడ దాకా జరిగిపోతుంది. మామయ్య చేయగలిగిందల్లా, పిడి సందులోంచి సన్నని ఉలి పెట్టి రేకు చివర మీద ఒక దెబ్బ వెయ్యడమే. దెబ్బకు లోహం కాస్త సాగి తాళం మళ్లీ పడుతుంది. కొన్నాళ్లు నిలుస్తుంది. రెండోసారి వేస్తే ఇంకా తక్కువ రోజులు. ఆ తర్వాత రేకు పగులుతుంది.

ఆయన చెల్లెలు కూడా ఆ షెడ్డులోనే చేసేది. వీధిలో రెండిళ్ల అవతల కాపురం. భర్త లారీ మీద తిరిగేవాడు, ఇంటికి వచ్చాడంటే అది వార్త. చెల్లెలికి నోరు ఎక్కువ, చేతివేగం ఇంకా ఎక్కువ. బల్ల దగ్గర పక్కవాళ్లు ఒక పెట్టె నింపేలోపు ఈమె రెండో దానిలో ఉండేది. సాయంత్రం షెడ్డు బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా అన్న షాపులోకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, కాళ్లు బారజాపి ఆ రోజు సంగతులన్నీ చెప్పేది. వదిన లోపలినుంచి టీ తెచ్చేది.

ఒక సాయంత్రం ఆమె కత్తి తీసి బల్ల మీద పడేసింది.

"కొంచెం ఊగుతోంది అన్నయ్యా. నీ ఉలితో ఒక్కటివ్వు."

మామయ్య తెరిచి, దీపం కింద పెట్టి చూశాడు. రేకు అవతలి గోడకు ఆనుకుని ఉంది. చివర పక్కగా వెంట్రుకలా ఒక గీత.

"దీని పని అయిపోయిందమ్మాయ్. పగిలింది."

"పగిలితే అతికించు."

"అతికించడానికి గాజా? వేడి చేస్తే రేకులో బిగువు పోతుంది. వేడి చెయ్యకుండా అతకదు."

"సర్లే, ఈ వారానికి నడిపించు. పండిన సరుకంతా వస్తోంది, ఊపిరాడట్లేదు మాకు."

ఆయన కత్తి మడిచి సొరుగులో వేసి తాళం పెట్టేశాడు.

"ఏయ్, ఇవ్వు! రేపు దేంతో కొయ్యను, పళ్లతోనా?"

"పోయిందని చెప్పి కొత్తది అడుగు."

"తిడతాడు మా సూపర్‌వైజరు."

"తిడితే తిట్టించుకో. తిట్లకు వేళ్లు తెగవు."

వదిన కూడా అన్నవైపే మాట్లాడింది. చెల్లెలు మూతి ముడుచుకుని టీ తాగి వెళ్లిపోయింది. మరునాడు మాత్రం నవ్వుతూ వచ్చింది. చేతిలో కొత్త కత్తి, ఇంకా నూనె వాసన పోలేదు.

"చూస్కో. నీ మాట విన్నాను. తిట్లు కూడా తిన్నాను. రుచిగానే ఉన్నాయి."

మామయ్య అందుకుని చెవి దగ్గర పెట్టి తెరిచాడు. టక్. ఎంత బాగా పడిందంటే ఆయన కళ్లు మూసుకుని మరోసారి తెరిచాడు. బ్లేడును అటూ ఇటూ కదిపి చూశాడు, ఊగలేదు. చెక్క అంచు మీద బ్లేడు వీపును మెల్లగా కొట్టి చూశాడు, మడుచుకోలేదు. రేకు సరిగ్గా ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడింది. లోపలి ఉక్కు ఎలాంటిదో చూద్దామంటే స్క్రూ లేదు.

"ఇదీ కత్తంటే. పో, హాయిగా కోసుకో" అన్నాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, పొద్దుటి పని మధ్యలో, షెడ్డులో పనిచేసే ఒకావిడ రొప్పుకుంటూ షాపులోకి వచ్చింది. యాప్రాన్ కూడా విప్పలేదు. దాని మీద ఎర్రగా ఉన్నదేమిటో మామయ్య అడగలేదు.

"మీ చెల్లెల్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. చేతికి..." అని ఆమె తన కుడిచేతి వేళ్లు చూపించింది.

ఆయనకు షాపు మూయాలనిపించలేదు, తాళంచెవి ఎక్కడుందో గుర్తురాలేదు. వాళ్లావిడ వచ్చి రెక్క పట్టుకుని ఆటో ఎక్కించింది.

కబురు తెచ్చినావిడ కూడా ఎక్కి, జరిగింది దారిలో చెప్పింది. పెద్ద పువ్వు వచ్చింది, మొదలు గట్టిగా ఉంది. కత్తి గుచ్చి తిప్పింది. శబ్దమే లేదట. తాళం విరిగిన చప్పుడు కూడా లేదు. బ్లేడు ఊరికే మడుచుకుంది. మొదట చెల్లెలు, "అరె" అని మాత్రం అందట, ఏదో చెయ్యి జారి కింద పడేసినట్టు.

చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలు. ఎముక దాకా దిగింది. వేళ్లను ముడిచే నరాల్లాంటి తాళ్లు తెగి అరచేతిలోకి ముడుచుకుపోయాయని, వెతికి పట్టుకుని కుట్టాలని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ ఏమీ దాచలేదు. "కుడతాం. కాని మునుపటిలా ముడుచుకుంటాయని మాటివ్వలేను" అంది. మామయ్య తల ఊపాడు. అడగడానికి నోరు తెరిస్తే, ఎందుకో, "కుట్టే దారం గట్టిదేనా అమ్మా?" అని వచ్చింది. డాక్టరమ్మ విసుక్కోలేదు. గట్టిదేనంది.

ఆపరేషనయ్యాక చెల్లెలు కళ్లు తెరిచి, మంచం పక్కన అన్నను చూసింది.

"కొత్తదే అన్నయ్యా" అంది. అంతే అంది. ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని ఆయన ఎన్నోసార్లు తిప్పితిప్పి చూసుకున్నాడు. లేదు. ఆమెకే అర్థం కాక చెప్పింది.

ఆ కత్తిని, కబురు తెచ్చిన యాప్రానావిడ గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది. మామయ్య దాన్ని బల్ల అంచునున్న వైసు దవడల మధ్య బిగించి రివిట్ల తలలు రంపంతో కోశాడు. పిడి చిట్లింది, చిట్లనీ అనుకున్నాడు. రేకును బయటికి లాగి ఆకురాయి పెట్టాడు. బిగువు పెట్టిన ఉక్కు మీద ఆకురాయి జారుతుంది, పట్టుకోదు. ఇక్కడ సబ్బులో దిగినట్టు దిగింది. రేకు చివర అప్పటికే నలిగి గుండ్రమైపోయింది. వేడి చేసి చల్లార్చి గట్టిపరచాల్సిన ముక్కను, ఎవరో ఎక్కడో, ఆ పని చెయ్యకుండానే బిగించేశారు. పైకి కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. శబ్దం సరిగ్గా ఉంది.

ఆయన ఆ రేకు చేత్తో పట్టుకునే సొరుగు తాళం తీశాడు. సొరుగులో పాత కత్తి ఉంది. దాని రోగం తనకు తెలుసు. తెలిసినదాన్ని లాక్కుని, తెలియనిదాన్ని చేతిలో పెట్టించాడు. వాళ్లావిడతో ఆ మాటే అంటే, "ఆ పాతది ఉంటే మాత్రం? పగుల్లేదూ దానికి? నువ్వే చూశావుగా" అంది. నిజమే. అది కూడా ఆ వారమే విరిగి ఉండేది. ఎటు తిప్పి ఆలోచించినా ఆ చెయ్యి తెగకుండా బయటపడే దారి ఆయనకు దొరకలేదు.

రేకును జేబులో వేసుకుని షెడ్డుకు వెళ్లాడు. మేనేజరు అరుస్తాడనుకున్నాడు, గెంటేస్తాడనుకున్నాడు. గెంటేస్తే అరవడానికి నాలుగు మాటలు దారిలో కూడబలుక్కున్నాడు కూడా. మేనేజరు లేచి కుర్చీ చూపించాడు. రేకు తీసుకుని గోరుతో గీసి చూశాడు.

"నాకు తెలీదనుకున్నారా?" అంటూ గోడబీరువా తెరిచాడు. కింది అరలో విరిగిన కత్తులు, గుట్టగా. "నేనూ పైవాళ్లకు చెబుతూనే ఉన్నానండీ. చూస్తాం అంటారు. కొత్త పెట్టెలొస్తాయి, అవే కత్తులు. వాటిని కొనేవాళ్లు క్యాబేజీని కూరలో తప్ప చూసి ఉండరు."

"మార్చమనండి సార్. స్క్రూలున్నవి తెప్పించండి, నేను చూసుకుంటాను. అన్నీ నేనే చూసుకుంటాను."

"నా చేతుల్లో ఉంటే ఈపాటికి మార్చేవాణ్ణి." ఆ మాట ఆయన తప్పించుకోవడానికి అనలేదు. మామయ్య ముఖం చూడలేక కిటికీ వైపు చూస్తూ అన్నాడు. తిట్టిపోద్దామని వెళ్లిన మనిషికి ఎదుటివాడి మీద జాలి కలిగితే ఇంక చేసేదేముంది? మామయ్య తెచ్చుకున్న నాలుగు మాటలూ తెచ్చుకున్నట్టే తిరిగి పట్టుకెళ్లాడు.

ఇంటికొచ్చి ఒక ఉపాయం ఆలోచించాడు. అసలు మడవకపోతే? బ్లేడు మడమ వెనక ఉన్న ఖాళీలో చిన్న ఇనుపముక్క దూర్చి, పిడికి అటూ ఇటూ రంధ్రాలు వేసి మేకుతో బిగించేస్తే, ఇక ఆ కత్తి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. తాళంతో పనే లేదు. యాప్రానావిడ కత్తి మీద చేసి చూశాడు. బల్ల అంచుకు ఆనించి తన బరువంతా వేశాడు. ఇంచు కదల్లేదు. పాత నీళ్ల పైపు ముక్క కోసి ఒర కూడా చేసిచ్చాడు. ఆవిడ చూసి మురిసిపోయింది. మరునాటికల్లా షాపు ముందు ఆడవాళ్లు గుంపుకట్టారు. మామయ్య అన్నం కూడా షాపులోకే తెప్పించుకుని, ఇనుపముక్కలు కోస్తూ, రంధ్రాలు వేస్తూ, ఒళ్లు తెలియకుండా పనిచేశాడు. ఆ రెండు రోజులూ ఆయన మనసు కాస్త తేలికపడింది. ఆస్పత్రిలో చెల్లెలికి చెబితే, "నా వేళ్లు పోయినా మీ అందరికీ మంచి కత్తులొచ్చాయన్నమాట" అని నవ్వింది.

ఆ కత్తులు షెడ్డు గేటు దగ్గరే ఆగిపోయాయి. ఎప్పుడో ఇద్దరు పనివాళ్లు పొట్లాడుకుని ఒకడు కత్తి దూశాడట. అప్పటినుంచి తెరిచిన కత్తి షెడ్డులోకి రాకూడదు. మడిచేది, తాళం ఉన్నదే రావాలి. బీమా వాళ్లు కూడా అదే రాశారు, తాళమున్న మడతకత్తి క్షేమమైన కత్తి అని. కాపలాదారు మంచివాడే.

"నాకేం పగా మామయ్యా మీ మీద? మా ఆవిడా అక్కడే కోస్తుంది" అన్నాడు. అంటూనే ఒక్కొక్కరి ఒరా తీయించి, కత్తులన్నీ పెట్టెలో వేశాడు. ఆడవాళ్లకు మళ్లీ కొత్త కత్తులిచ్చారు. రివిట్లవి.

మామయ్య మేనేజరు దగ్గరికి మళ్లీ వెళ్లాడు. బీమా మాట వినగానే ఆయన కూడా చేతులెత్తేశాడు. ఆ తర్వాత మామయ్య ఇంకొకటి ప్రయత్నించాడు. మందమైన తోలుతో వేళ్లకు తొడుగులు కుట్టి పంచాడు. అవి వేసుకుంటే పిడి జారుతోందని ఒకరు, చెమటకు చర్మం ఒలిచిపోతోందని ఒకరు, చెప్పలేక చెప్పి మానేశారు. పాపం ఆయన మనసు నొప్పించకూడదని, షాపు ముందునుంచి పోయేటప్పుడు మాత్రం తగిలించుకునేవాళ్లు. ఒకావిడ అందులో సూదులు పెట్టుకోవడం ఆయన కంటపడనే పడింది. చూడనట్టే ఊరుకున్నాడు.

చెల్లెలి కట్టు విప్పారు. కుట్లు బాగానే కలిశాయి. వేళ్లు మాత్రం కర్రల్లా నిలబడ్డాయి. వ్యాయామం చేయించే అమ్మాయి మెత్తని బంతి చేతిలో పెట్టి నొక్కమనేది. చెల్లెలి ముఖం ఎర్రబడి, మెడ నరాలు ఉబ్బేవి, బంతికి సొట్ట కూడా పడేది కాదు. అన్న పక్కనే కుర్చీలో కూర్చుని, తెలియకుండానే తన గుప్పిట బిగించేవాడు. మొదట్లో వెళ్లినప్పుడల్లా కాస్త నయం అనుకునేవాళ్లు. నెలలు గడిచాక ఆ అమ్మాయే, "ఇంతవరకేనేమో అండీ" అంది.

షెడ్డువాళ్లు ఆమెను తీసెయ్యలేదు. పెట్టెల మీద కాగితాలు అంటించే పనిలో పెట్టారు. ఎడంచేత్తో అంటిస్తుంది. నెమ్మది. చేతివేగానికి పేరుపడ్డ మనిషి ఇప్పుడు పక్కవాళ్లు తనకోసం ఆగడం చూస్తూ నిలబడాలి. అది ఆమె నోటితో చెప్పదు. సాయంత్రం షాపులో స్టూలు మీద కూర్చుంటుంది, సంగతులు చెబుతుంది, నవ్విస్తుంది కూడా. టీ గ్లాసు మాత్రం రెండు చేతులతో పట్టుకుంటుంది.

ఆడవాళ్లు కత్తులు తెస్తూనే ఉన్నారు. ఆయన బాగుచేస్తూనే ఉన్నాడు. చెయ్యనంటే కొత్తది తీసుకుంటారు, కొత్తది ఎలాంటిదో ఎవరికి తెలుసు? చేసి ఇస్తే ఎన్నాళ్లుంటుందో తనకు తెలుసు. ప్రతి ఒక్కరికీ, "మొన గుచ్చి తిప్పకు తల్లీ" అని చెబుతాడు. "తిప్పకపోతే మొదలెలా వస్తుంది మామయ్యా?" అని అడుగుతారు. నిజంగా తెలుసుకుందామనే అడుగుతారు. ఆయన కత్తి గుడ్డతో మరోసారి తుడిచి ఇస్తాడు.

చెయ్యి తెగినప్పటినుంచి చెల్లెలికి రోజూ జడ వేసే వదిన, ఒక పొద్దున పుట్టింటికి వెళ్లి ఇంట్లో లేదు. చెల్లెలు జుట్టు విరబోసుకుని, దువ్వెన ఒక చేత్తో, రబ్బరుబ్యాండు పళ్లమధ్య పట్టుకుని షాపులోకి వచ్చింది.

"వదిన లేదా?"

"లేదుగా. సాయంత్రం వస్తుంది."

"బస్సు వచ్చేస్తుంది." ఆమె గుమ్మంలోంచి వీధి చివరికి చూసింది. "నువ్వే వెయ్యి, ఏదో ఒకటి. జడలాగా ఉంటే చాలు."

ఆయన చేతులు తుడుచుకుని వెనక నిలబడ్డాడు. ఆవగింజంత స్ప్రింగులు పట్టుకునే వేళ్లవి. జుట్టు మూడు పాయలు తీశాడు. ఒకటి జారింది, దాన్ని పట్టుకునేలోపు ఇంకోటి విడిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు.

"గట్టిగా లాగు అన్నయ్యా, ఏం కాదు."

"నొప్పి పుడుతుందేమో."

"పుట్టనీ."

బస్సు హారను వినిపించింది. ఆయన కంగారుగా పాయలన్నీ ఒక్కటిగా కలిపి, వచ్చినట్టు రబ్బరుబ్యాండు చుట్టేశాడు. ఒక పక్క ఉబ్బెత్తుగా, ఒక పక్క వెంట్రుకలు వేలాడుతూ వచ్చింది. ఆమె ఎడంచేత్తో తడిమి చూసుకుని, "బాగుందిలే" అని, సంచి భుజానికి తగిలించుకుని పరుగెత్తింది. బస్సు మెట్టెక్కేటప్పుడే బ్యాండు సగం జారిపోవడం ఆయనకు కనిపించింది. పిలిచే లోపు బస్సు కదిలింది.